వియ్యాలవారి పండగ వంట మనింట్లో

శాన్ ఆంటోనియో నుంచి ఒకావిడ ‘కాబోయే అత్తగారు’ అని సంతకం పెట్టి పెద్ద ఉత్తరం రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడ పుట్టిల్లు అమలాపురం దగ్గర. పాతికేళ్ళ పైనుంచి టెక్సస్‌లో ఉంటున్నారు. ఒక్కడే కొడుకు. వచ్చే వేసవిలో పెళ్ళి. అమ్మాయి వాళ్ళు మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం నుంచి ఎప్పుడో వచ్చి టెక్సస్‌లోనే స్థిరపడిన కుటుంబం. మొన్న థ్యాంక్స్‌గివింగ్‌కి వీళ్ళని భోజనానికి పిలిచి, వీళ్ళు గొడ్డు మాంసం, పంది మాంసం తినరని అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ విడిగా చీజ్ ఎంచిలాదాలు చేసి పెట్టిందట. ఆ ఆదరానికి ఈవిడ మనసు నిండిపోయి, “ఈసారి క్రిస్మస్ ముందు రాత్రి అందరూ మా ఇంటికి రావాలి, మీ పండగ వంటే నేను చేసి పెడతాను” అనేశారు. ఇప్పుడు లెక్క చూస్తే ఇరవై ఇద్దరు తేలారు.

మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలేలు ఒకసారి చేసి చూశారు. పిండి ముద్ద కాలేదు. ఎలాగో చుట్టి ఉడికిస్తే కొన్ని పొడిపొడిగా రాలిపోయాయి, మిగతావి రాళ్ళయ్యాయి. ఎర్ర సాస్‌లో గుంటూరు కారం వేస్తే భర్త రెండు గ్లాసుల మజ్జిగ తాగారట. “ఎందుకమ్మా ఇదంతా, కేటరింగ్‌కి ఇచ్చేయ్” అంటాడు కొడుకు. “బిర్యానీ పెట్టక్కా, చచ్చినట్టు తింటారు” అంటుంది డాలస్‌లో ఉన్న తోడికోడలు. కాబోయే కోడలు తను, వాళ్ళమ్మ ముందు రోజే వచ్చి సాయం చేస్తామంటే, “వియ్యాలవారిని పిలిచి వాళ్ళ చేత చాకిరీ చేయించుకుంటామా” అని ఈవిడే వద్దన్నారు. వీటన్నిటి మీద ఇంకొకటి. ఆర్నెల్లు ఉండడానికి అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. ఆవిడ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ధనుర్మాసంలో ఇంట్లో నీచు వండడానికి వీల్లేదు. వచ్చే అతిథుల సంగతి ఆవిడకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. “ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మాటిచ్చి తప్పలేను, నిలబెట్టుకునే దారీ తెలియడం లేదు” అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో వంట కంటే మర్యాద గురించిన దిగులే ఎక్కువ కనిపించింది నాకు. అయినా వంట సంగతే ముందు తేలుద్దాం, అది తేలితే మిగతాది కాస్త తేలికవుతుంది.

మీ తమాలేలు పాడవడానికి మీ చేతి లోపం కారణం కాదు. ఇండియన్ స్టోర్‌లో దొరికే మొక్కజొన్న పిండి వాడానని రాశారు కదా, అదీ సంగతి. రొట్టెలకి వాడే ఆ పిండిలో మొక్కజొన్నని ఎండబెట్టి ఆడించడమే తప్ప మరే పనీ జరగదు. మెక్సికో వాళ్ళు మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి అప్పుడు రుబ్బుతారు. వేల ఏళ్ళ నాటి పద్ధతి అది. ఆ సున్నం తగిలితేనే పిండికి జిగురు వస్తుంది, ఆ వాసనా వస్తుంది. అలా రుబ్బిన ముద్దని మాసా అంటారు. ఆరబెట్టి పొడి చేసిందైతే సంచీ మీద మాసా హరీనా అని ఉంటుంది. మీ ఊళ్ళో ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. డిసెంబరులో చాలా చోట్ల తడి మాసా కూడా అమ్ముతారు. కొవ్వు ముందే కలిపిందీ, కలపనిదీ రెండు రకాలుంటాయి, అడిగి మరీ కొనండి. కలిపిందంటే అది సాధారణంగా పంది కొవ్వే.

రెండో సంగతి, కొవ్వు. మీరు నాలుగు చెంచాల నూనె వేశారు. కిలో పొడి పిండికి అర కిలో దాకా కొవ్వు పడుతుంది. వినడానికి భయంగా ఉన్నా, దాని మృదుత్వమంతా అందులోనే ఉంది. పంది కొవ్వు బదులు వనస్పతి గానీ, వెన్న గానీ వాడచ్చు. ముందు దాన్ని ఒక్కదాన్నే తెల్లగా నురగలా గిలక్కొట్టి, తర్వాత పిండి, ఉప్పు, బేకింగ్ పౌడర్, గోరువెచ్చని కూరగాయల రసం కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు పిండి వేసి చూడండి. తేలితే సరిపోయినట్టు, మునిగితే ఇంకా కొట్టాలి. మొక్కజొన్న పొత్తు మీది ఎండు ఆకుల్ని వేడినీళ్ళలో నానబెట్టి, నున్నటి వైపు పిండి పల్చగా పరిచి, మధ్యలో కూర పెట్టి, మడిచి, మూతి పైకి వచ్చేలా నిలబెట్టి ఆవిరి మీద గంటా గంటన్నర ఉడికించాలి. పనస ఆకుల బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించిన కోనసీమ ఆడపడుచుకి ఈ పని నేను చెప్పాలా! అడుగున నీళ్ళలో ఒక నాణెం వేసి ఉంచడం అక్కడి ఇళ్ళల్లో అలవాటు. నీళ్ళున్నంతసేపూ అది టకటకలాడుతుంది, చప్పుడు ఆగితే మళ్ళీ వేడినీళ్ళు పోయాలి. ఆకు తేలిగ్గా ఊడి వస్తే ఉడికినట్టు. దించి ఓ పావుగంట వదిలేస్తే గట్టిపడతాయి.

కారం గురించి. వాళ్ళ ఎర్ర సాస్‌లో ఎండు మిరపకాయ రంగుకీ, రుచికీ, చిక్కదనానికీ. ఘాటు వేరే సంగతి. గ్వాహీయో అనే మిరపకాయలో గుంటూరు సన్నంలో ఉండే ఘాటుకి దాదాపు పదో వంతే ఉంటుంది, ఆంచోలో ఇంకా తక్కువ. అందుకే వాళ్ళు పది పన్నెండు కాయలు వేస్తారు. మనం మన కారప్పొడి అంత వేస్తే జరిగేదేమిటో మీవారి మజ్జిగ గ్లాసులు చెప్పాయి. గింజలు తీసి, పెనం మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేయించండి. నల్లబడితే చేదెక్కుతుంది, ఆ చేదు ఇక పోదు. వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లితో మెత్తగా రుబ్బి, వడగట్టి, నూనెలో వేయించాలి. ఘాటు కావలసిన వాళ్ళకి ఆర్బొల్ మిరపకాయల సాస్ విడిగా చిన్న గిన్నెలో పెట్టండి. మీవారి వైపు మాత్రం పెట్టకండి.

ఇక మీ ముందున్న దారులు.

అన్నీ మీరే వండడం ఒకటి. సాధ్యం కాదనను. కానీ ఇరవై ఇద్దరికి మనిషికి రెండుమూడు చొప్పున అరవై దాకా తమాలేలు కావాలి. అవి పెద్దవాళ్ళు నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని చేసే పని. ఒక్కరే చేస్తే ఆ రాత్రి మీరు కనబడేది వంటింటి గుమ్మంలోనే. ఒక్కరే చేయాలని పట్టుదల ఉంటే తమాలేలు వదిలేసి, మొక్కజొన్న గింజలు మాంసం రసంలో కాచే పొసోలే పెట్టుకోండి. హలిస్కో వాళ్ళ ఎర్ర పొసోలే పండగలకీ పబ్బాలకీ చేసుకునేదే, పైగా ఒక్క పెద్ద గిన్నెలో అయిపోతుంది. సున్నపు నీళ్ళలో ఉడికించి పొట్టు తీసిన పెద్ద తెల్ల మొక్కజొన్న గింజలు, హోమినీ అని మూడు కిలోల డబ్బాల్లో దొరుకుతాయి. మాంసం ఉడికిన రసంలో అవీ, పైన చెప్పిన మిరపకాయల ముద్దా వేసి గంటసేపు కాగనిస్తే చాలు. సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి చక్రాలు, ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్కలు, ఎండు ఒరెగానో, తొస్తాదాలనే కరకరలాడే మొక్కజొన్న రొట్టెలు బల్ల మీద పెడితే ఎవరి గిన్నెలో వాళ్ళు వేసుకుంటారు. హలిస్కోలో దీనికి పంది మాంసమే రివాజు, కానీ కోడితో చేసే ఇళ్ళూ లెక్కలేనన్ని. ఇందులో చిక్కు మీ అత్తగారి నియమం ఒక్కటే, దాని దగ్గరికి వస్తాను.

కొనడం రెండో దారి. మీ అబ్బాయి మాట మీకు కష్టమనిపించింది గానీ, శాన్ ఆంటోనియోలో క్రిస్మస్‌కి తమాలేలు డజన్ల లెక్కన కొనుక్కోవడం మెక్సికన్ కుటుంబాలకే మామూలు. దాన్ని తప్పు పట్టేవాళ్ళుండరు. ముందుగా ఆర్డర్ ఇవ్వాలి, చివరి వారంలో దుకాణాల ముందు వరసలు వీధిలోకి వస్తాయి. మీరు జాగ్రత్త పడవలసింది ఒక్క చోటే. కొన్నవి కొన్నవని చెప్పండి. చిన్నప్పటి నుంచీ ఆ చేత్తో ఈ చేత్తో తిన్నవాళ్ళు ఒక్క ముద్దకే పోల్చేస్తారు. వాళ్ళకి తెలిసిందని మీకూ తెలిసిన తర్వాత మొహాలు చూసుకోవడం ఇబ్బంది.

తోడికోడలు చెప్పిన బిర్యానీ మూడోది. అదేమీ తక్కువ మాట కాదు, వాళ్ళకి నచ్చుతుంది కూడా. కానీ మీరిచ్చిన మాట అది కాదు. పైగా బిర్యానీ పెట్టే అవకాశం పెళ్ళి దాకా, ఆ తర్వాతా బోలెడన్ని సార్లు వస్తుంది. నన్నడిగితే మన వంటకం ఒక్కటి చాలు, అదీ తీపి. అరిసెలో బొబ్బట్లో చేసి పెట్టండి. వాళ్ళ బెల్లం పిలోన్సీయో, పాకం రుచి వాళ్ళకి కొత్తేమీ కాదు.

నాలుగో దారి, మీరు తలుపేసుకున్నది. అమ్మాయి సాయానికి వస్తానంది, మీరు వద్దన్నారు. మన ఇళ్ళల్లో వియ్యాలవారు వస్తే కంచం దగ్గరి నుంచి లేవనివ్వం. ఆ అలవాటులో మీరన్నది సహజం. కానీ దక్షిణ టెక్సస్‌లో తమలాడా అని ఒక రివాజు ఉంది. పండగ ముందు ఒక రోజు ఇంటిల్లిపాదీ, చుట్టాలూ చేరి తమాలేలు చుట్టడం. ఒకరు ఆకులు తుడుస్తారు, ఒకరు పిండి రాస్తారు, ఒకరు కూర పెడతారు, పిల్లలు లెక్కపెడతారు. కబుర్లన్నీ అక్కడే, పాత కొట్లాటలన్నీ అక్కడే. వాళ్ళకి అది చాకిరీ కాదు, పండగలో సగం. ఆ అమ్మాయి మిమ్మల్ని పనిలో ఆదుకుంటానని అనలేదు, తన వాళ్ళ పండగలోకి మిమ్మల్ని పిలిచింది. మీరు వద్దన్నప్పుడు వాళ్ళమ్మ ఏమనుకుని ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ‘మా చెయ్యి పడటం వీళ్ళకి ఇష్టం లేదేమో’ అని కూడా అనుకోవచ్చు, మీ ఇంట్లో మడి ఆచారాలు ఉన్నాయని తెలిస్తే ఇంకానూ.

ఈ దారికీ ఖర్చుంది. మీ వంటిల్లు ఒక రోజంతా మీ చేతుల్లో ఉండదు. పిండి మీరు పరిచింది మందంగా ఉందని ఆ అమ్మమ్మ మీ చేతిలోంచి లాక్కుని మళ్ళీ పరవవచ్చు. పంది కొవ్వు లేకుండా అసలైన తమాలే కాదని వాళ్ళ మావయ్యెవరో వాదించవచ్చు. అవన్నీ నవ్వుతూ పడగలిగితే, మీ మాటా నిలుస్తుంది, ఆ పిండి తగిన పాకానికి రావడం ఎలాగో కళ్ళతో చూసి నేర్చుకుంటారు. పడలేననుకుంటే పొసోలే గిన్నెకే వెళ్ళండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇప్పుడు మీ అత్తగారు. నాకు అసలు ముడి ఇక్కడే కనిపించింది. ఆవిడ ఒప్పుకోరని మీరు నిర్ణయించేశారు, కానీ ఇంతవరకూ ఎవరూ ఆవిడని అడగలేదు. గరాజ్‌లో గ్యాస్ స్టవ్ పెట్టి ఆవిడకి తెలియకుండా వండేద్దామా అని రాశారే, అది మాత్రం వద్దు. నాలుగు గంటలు కాగే మాంసం వాసన గరాజ్‌లో ఆగదు. పాశురాలు చదువుకుంటున్న మనిషికి ఆ వాసన తగిలితే, ఆవిడకి కోపం వచ్చేది మాంసం మీద కాదు, మీ మీద. చెప్పవలసింది కూడా మీరు కాదు, ఆవిడ కొడుకు. ఆయన మజ్జిగ తాగి జోకులేయడం వరకే పనిచేశారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది, ఇక ఈ పని ఆయనకప్పగించండి. “అమ్మా, మన కోడలి తరఫు వాళ్ళొస్తున్నారు, వాళ్ళకిది ఏడాదికొక్క రాత్రి. ఇంట్లో శాకాహారం వరకే ఉంచమంటావా, బయట పెరట్లో వండితే ఫర్వాలేదా, లేక క్లబ్‌హౌస్‌లో పెట్టుకోమంటావా?” అని అడగమనండి. ఒప్పుకోమని అడగడం వేరు, మూడింట్లో ఏదో ఎంచుకోమనడం వేరు. పెద్దవాళ్ళు రెండోదానికి తొందరగా కరుగుతారు.

ఆవిడ ఇంట్లో శాకాహారమే అంటే గాభరా పడకండి. ఒకప్పుడు క్రిస్మస్ ముందు రాత్రి క్యాథలిక్కులకి మాంసం మానే రోజు. మెక్సికోలో ఆ రాత్రి ఉప్పుచేప వేసిన బకలావ్ తినే అలవాటు ఆ నియమం నుంచి వచ్చిందే. మీ అత్తగారు ఈ నెలంతా నియమంలో ఉన్నారని చెబితే ఆ అమ్మమ్మకి మీరనుకున్నదానికంటే బాగా అర్థమవుతుంది. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు వాళ్ళు పోసాదాలు జరుపుకుంటారు, పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళి మరియమ్మకి, జోసెఫ్‌కి చోటివ్వమని అడుగుతారు. మన ధనుర్మాసం కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. ఆ ఇద్దరు పెద్దావిడల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆ అమ్మాయిని మధ్యలో అనువాదానికి పెడితే, వాళ్ళకి పొద్దు తెలియదు.

శాకాహారంలో మాంసం లేని లోటు తెలియని వంటలు వాళ్ళకున్నాయి. కాల్చి తొక్క తీసిన పొబ్లానో మిరపకాయ చీలికలు, చీజ్ పెట్టి చేసే తమాలేలు ఉన్నాయి. ఎండు ద్రాక్ష, దాల్చినచెక్క వేసి గులాబీ రంగులో చేసే తీపి తమాలేలు పిల్లలకి ప్రాణం. కుండలో ఉడికించిన బీన్స్, టమాటా అన్నం, బీట్‌రూట్, నారింజ, వేరుశనగపప్పు, దానిమ్మ గింజలు కలిపి ఆ రాత్రికనే చేసే సలాడ్. దీని వల్ల నష్టం కూడా చెప్పాలి కదా, వాళ్ళ మగవాళ్ళలో కొందరికి మాంసం లేదే అనిపిస్తుంది. ముందే చెప్పి పిలిస్తే సర్దుకుంటారు, వచ్చి కూర్చున్నాక తెలిస్తే మొహమాటపడతారు.

క్లబ్‌హౌస్ అయితే కోడి పొసోలే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు మీ అత్తగారు రావడం మానేసినా మీరు ఆశ్చర్యపోకూడదు. ఇంటికి పిలిచి హాల్లో పెట్టారేమిటని అటు వాళ్ళూ అనుకోవచ్చు. పెరడు ఈ రెండింటికీ మధ్య దారి, ఆవిడ మనస్ఫూర్తిగా సరే అంటేనే.

ఆవిడ కోసం కొన్ని జాగ్రత్తలు. ఎర్ర అన్నంలో చాలామంది కోడి రసం పొడి వేస్తారు, అడిగితే తప్ప చెప్పరు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు. డబ్బాలో దొరికే వేపుడు బీన్స్‌లో పంది కొవ్వు ఉండవచ్చు, శాకాహారమని రాసి ఉన్నదే తీసుకోండి. పార్టీల్లో రంగురంగుల జెల్లీ తప్పకుండా తెస్తారు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో చేసేది. బున్యువేలోస్ అనే నూనెలో వేయించిన తీపి వంటకం పిండిలో గుడ్డు కలుపుతారు. చీజ్ కొన్నిటిలో పాలు తోడుకోవడానికి వేసే జంతువుల రెన్నెట్ ఉంటుంది, లేబుల్ చూడలేకపోతే మన పనీర్ వేసేయండి, కేసో ఫ్రెస్కో అనే వాళ్ళ తాజా చీజ్ లాగే అదీ కరగదు గానీ రుచికి లోటుండదు. శాకాహార తమాలేలకి విడి గిన్నె, విడి ఆవిరి పాత్ర. వాటిని పొత్తు ఆకు పీలికతో ముడి వేస్తే కలిసిపోయినా గుర్తుపట్టవచ్చు. ఇంత చేసినా ఆవిడ తినకపోవచ్చు, పెద్దవాళ్ళ సంగతి మీకు తెలుసు. ఆవిడకి దద్దోజనమో పులిహోరో విడిగా ఉంచండి, అది మీ వంటకి జరిగిన అవమానం అనుకోకండి. వాళ్ళ భోజనం ఆ రాత్రి చాలా ఆలస్యంగా ఉంటుంది, కొందరైతే చర్చి నుంచి వచ్చాకే. ఏడింటికి తినే మనిషిని అంతసేపు కూర్చోబెట్టకండి.

అందరూ కలిసి తాగగలిగేది ఒకటుంది, పొంచే. జామకాయలు, చెరకు ముక్కలు, ఆపిల్, దాల్చినచెక్క, పిలోన్సీయో, తెహొకోతే అనే చిన్న పసుపు పళ్ళు పెద్ద గిన్నెలో గంటసేపు మరిగించి వేడివేడిగా గ్లాసుల్లో పోస్తారు. ఎర్రటి రంగుకి, పులుపుకి హమైకా వేస్తారు. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పువ్వు కింద ఉండే ఎర్ర రేకులే. కొందరు చింతపండు కూడా వేస్తారు. రమ్ కావలసిన వాళ్ళు తమ గ్లాసులోనే కలుపుకుంటారు, గిన్నెలో పోయనివ్వకండి. జామకాయ, చెరకు మరిగే వాసనకి మీ అత్తగారే వంటింట్లోకి వచ్చి ఏమిటని అడిగినా అడుగుతారు.

మీరేం చేయాలో నేను తేల్చి చెప్పను. నేను మీ స్థానంలో ఉంటే పొంచే, బీన్స్, అన్నం నా చేత్తో చేసి, తమాలేలకి 23న వాళ్ళని పిలిచి, మాంసం కూరతో చేసేవి వాళ్ళింట్లోనే ఉడికించి తెమ్మనేదాన్ని. మీ అత్తగారు వాటిని ఇంట్లోకి రానిస్తారా అన్నది కూడా మీవారు అడగవలసిన జాబితాలో చేర్చండి. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, “ఆ రోజు వద్దన్నాను గానీ, రండి, నేర్పండి” అనండి. అరవై తమాలేలు పట్టే ఆవిరి పాత్ర వాళ్ళింట్లో ఉందేమో కూడా అప్పుడే కనుక్కోండి, ఉంటే మీరు కొననక్కర్లేదు. తెహొకోతేలు తాజావి దొరకకపోతే సీసాల్లోవో, ఫ్రీజర్లోవో ఉంటాయి, 20వ తేదీ దాటాక అవి కూడా కష్టమే.